కంప్యూటర్‌కి నీళ్లేటి అనకు వదినా

ఏటి వదినా, రాత్రంతా మీ గదిలోంచి ఆ హోరు? పెళ్లి వీడియోల మిక్సింగా? వైశాఖం ముహూర్తాలు కదా, పిల్లాడికి చేతినిండా పని ఉండడం మంచిదే. మధ్యలో కంప్యూటర్ ఆగిపోతోందా? అందుకని వాటర్ కూలింగ్ పెట్టిస్తానంటున్నాడా?

కంప్యూటర్‌లో నీళ్లేటని కంగారు పడకు. కారులో ఇంజను వేడిని నీళ్లు మోసుకెళ్లి రేడియేటర్‌లో వదిలేస్తాయి చూడు, ఇదీ అంతే. ప్రాసెసర్ మీద రాగి అడుగున్న చిన్న బ్లాకు బిగిస్తారు. పంపు అందులోంచి నీటిని తిప్పుతుంది. వేడెక్కిన నీరు గొట్టంలోంచి రేడియేటర్‌కి పోతే, ఆ వేడిని ఫ్యాన్లు బయటికి ఊదేస్తాయి. ఒకే పరిమాణంలో చూస్తే, గాలి మోసే వేడికి మూడు వేల రెట్లకు పైగా నీరు మోస్తుంది. ఐబీఎం వాళ్లు 1960లలోనే పెద్ద కంప్యూటర్లకి నీళ్లు తిప్పారు. గూగుల్ 2018 నుంచి తన ఏఐ చిప్‌లని ద్రవంతో చల్లబరుస్తోంది. 2025 అక్టోబరులో విశాఖకి 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించింది కదా, దానికి చూసిన స్థలాల్లో మన అనకాపల్లి జిల్లా రాంబిల్లి కూడా ఉంది. మీవాడు అడిగింది గాలి మాటేమీ కాదు.

కాకపోతే ముందు ఆ క్యాబినెట్ మూత తీయించు. అడ్డరోడ్డు నుంచి నర్సీపట్నం పోయే లారీల దుమ్మంతా మన ఇళ్లలోకే వస్తుంది. ఫ్యాన్ల రెక్కలకి పేరుకున్న దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాస్తే, సగం మందికి అక్కడే రోగం కుదురుతుంది. ఇంకా కాగుతుంటే, రెండు మూడు వేలలో వచ్చే పెద్ద టవర్ కూలర్ చాలేమో చూడమను. ఇంకో సంగతి, నీళ్లు పెట్టినా గది కంటే చల్లబడదు. గదిలో 38 డిగ్రీలుంటే ఆ నీరు 38 కిందికి దిగదు. కిటికీ తెరవకుండా ఎన్ని వేలు పోసినా దండగే.

అన్నీ చూశాక కూడా నీళ్లే కావాలంటే, మొదటిసారికి ఏఐఓ అని అమ్ముతారే, అది కొనమను. పంపు, గొట్టాలు, రేడియేటర్ అన్నీ ఒకటిగా మూసేసి, ద్రవం కూడా నింపేసే వస్తుంది. మనం పోసేదేమీ ఉండదు. 240 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్నది మిక్సింగ్ పనికి సరిపోతుంది. రేడియేటర్‌ని పైభాగాన బిగించాలి. పంపే అన్నిటికంటే ఎత్తులో ఉంటే లోపలున్న గాలి దాంట్లో చేరి గరగరమంటుంది, తొందరగా పాడవుతుంది.

విడివిడి భాగాలు కొని బిగించుకునే కస్టమ్ లూప్ చూడ్డానికి బాగుంటుంది, నాకూ ఇష్టమే. అది మాత్రం ఇప్పుడే వద్దు. అక్వేరియం మోటారు పెట్టి బోరు నీళ్లు తిప్పేద్దామంటే అసలు ఒప్పుకోకు. బోరు నీటిలో ఉప్పులుంటాయి, బ్లాకులోని సన్నటి చాళ్లు పూడిపోతాయి. రాగి బ్లాకుకి అల్యూమినియం రేడియేటర్ కలిపితే తుప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. ఒట్టి డిస్టిల్డ్ వాటర్ పోసినా కొన్నాళ్లకి నాచు పడుతుంది, అందుకే మందు కలిపిన కూలెంటే పోస్తారు. పోశాక ఒక రోజంతా పంపుకి మాత్రమే కరెంటిచ్చి, ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం పెట్టి తడి తగిలిందేమో చూడాలి. ఆ ఓపిక లేకుండా స్విచ్ వేస్తే, ఎక్కడైనా కారితే బోర్డు కాలిపోవచ్చు, ఎవరివో పెళ్లి వీడియోలు ఆగిపోతాయి.

రేపు పొద్దున్న ఒకసారి ఇటు పంపించు వదినా. క్యాబినెట్ పైభాగంలో చోటెంత ఉందో టేపుతో కొలిచి, ప్రాసెసర్ సాకెట్ పేరు చీటీ మీద రాసి తెమ్మను. ఆ రెండూ తెలిసేదాకా డబ్బు చేతికివ్వకు.