చప్పుడు లేని ఊపిరి

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళు నయాగరా గురించీ, స్వేచ్ఛా దేవి విగ్రహం గురించీ రాయడం మామూలే. నేను మాత్రం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కోట్స్‌విల్ అనే చిన్న ఊరి గురించి రాస్తాను. మేము అక్కడికి వెళ్ళింది ఉక్కును చూడటానికి. గుర్తుండిపోయింది మాత్రం ఒక కుక్క.

మా అబ్బాయి ఉండేది ఫిలడెల్ఫియాకు పడమటి వైపు. ఒక శనివారం మమ్మల్ని లింకన్ హైవే మీదుగా కోట్స్‌విల్ తీసుకువెళ్ళాడు. బ్రాండీవైన్ ఏటి ఒడ్డున ఉన్న ఊరది. 1810లో అక్కడ మొదలైన ఇనుప కార్ఖానాయే తరువాత లూకెన్స్ ఉక్కు కంపెనీ అయింది. న్యూయార్కు జంట భవనాల అడుగున త్రిశూలాల్లా నిలిచిన ఉక్కు స్తంభాలు ఈ ఊళ్ళో తయారైనవే. 2001లో ఆ భవనాలు కూలిపోగా మిగిలిన స్తంభాలు కొన్నింటిని 2010లో తిరిగి ఇక్కడికే తెచ్చారు. "పుట్టింటికి చేరాయన్నమాట" అంది మా ఆవిడ.

ఏటి పక్కన బెంచీ మీద కూర్చుని పులిహోర తింటూ ఉంటే, ఒక పెద్దావిడ కుక్కతో వచ్చింది. ఒంటి మీద చారలు, వెడల్పాటి ఛాతీ, బుల్‌డాగ్ ముఖం. చూడగానే మా ఆవిడ తల తిప్పేసుకుంది.

కారణం ఉంది. బెంగుళూరులో మా ఇంట్లో భీముడు అనే ఇంగ్లీషు బుల్‌డాగ్ ఉండేవాడు. ముఖం మీది మడతలు, నొక్కుకుపోయిన ముక్కు చూసి మా అబ్బాయి ముచ్చటపడి తెచ్చాడు. వాడు పడుకుంటే గురక వీధిలోకి వినిపించేది. వచ్చిన చుట్టాలను పిలిచి మరీ వినిపించి నవ్వుకొనేవాళ్ళం. ఆరో ఏట, ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, పట్టుమని పది నిమిషాలు ఎండలో నడిచి వచ్చి గచ్చు మీద పడిపోయాడు. ఊపిరి అందక ప్రాణం పోయింది.

"అది గురక కాదండీ, గాలి కోసం పెనుగులాట" అన్నాడు పశువుల డాక్టరు. ముఖం ఎముక పొట్టిదైనా లోపలి మెత్తని కండ తగ్గలేదట. అదే గాలి దారికి అడ్డం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పితేనే వేడి దిగుతుంది. సరిగా రొప్పలేని కుక్కకు ఎండే యముడు.

పెద్దావిడ మా పక్కనే కూర్చుని కబుర్లలో పడింది. ఆ కుక్క జాతి పేరు 'ఓల్డ్ ఇంగ్లీష్ బుల్‌డాగ్'. పేరులో ఇంగ్లీషు ఉన్నా పుట్టుక ఈ కోట్స్‌విల్‌దే. పూర్వం ఇంగ్లండులో ఎద్దును కట్టేసి దాని మీదికి కుక్కలను ఉసిగొల్పే క్రూర వినోదం ఉండేది. దాన్ని 1835లో పార్లమెంటు నిషేధించింది. ఆ తరువాత బుల్‌డాగ్ ప్రదర్శనల కుక్క అయింది. తల పెరిగింది, ముక్కు లోపలికి పోయింది. కాన్పు కూడా కష్టమైంది. 2010లో ప్రచురించిన బ్రిటన్ పరిశీలనలో బుల్‌డాగ్ కాన్పుల్లో నూటికి 80కి పైగా ఆపరేషన్లే.

ఈ ఊరి డేవిడ్ లెవిట్ 1971లో పాత బుల్‌డాగ్ దారుఢ్యాన్ని తిరిగి తేవాలని పూనుకున్నాడు. దారుఢ్యమే కావాలి, పాత క్రూరత్వం వద్దు. సగం ఇంగ్లీషు బుల్‌డాగ్, తక్కిన సగంలో బుల్‌మాస్టిఫ్, పిట్‌బుల్, అమెరికన్ బుల్‌డాగ్ సమపాళ్ళు. ఆ సంకర పద్ధతి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పశువుల కోసం రూపొందించినదట. 2014లో అమెరికాలోని యునైటెడ్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది.

ఇంతలో కుక్క కర్ర కోసం ఏట్లోకి దూకింది, ఒడ్డుకొచ్చింది, మళ్ళీ దూకింది. చివరికి వచ్చి మా ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ కాసేపు చూసి, మెల్లగా వంగి చెవి దగ్గర పెట్టింది.

"ఏమండీ, వినండి. చప్పుడే లేదు" అంది. ఆమె కళ్ళు తడిశాయి.

"పేరు చూసి నమ్మకండి" అంది పెద్దావిడ. ఈ జాతిలోనూ తుంటి కీళ్ళు బాగాలేనివి, ఊపిరి సరిగా ఆడనివి ఉంటాయట. తల్లినీ తండ్రినీ డాక్టరుకు చూపించాకే పిల్లలను పుట్టించాలట. నాకు ఒంగోలు గిత్తను కొనే రైతు గుర్తొచ్చాడు. ముందు కాళ్ళూ, ఛాతీ, నడకా చూస్తాడు. అందం ఆ తరువాతే.

తిరుగు దారిలో మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "భీముణ్ణి మనం ముఖం చూసి కొన్నాం కదా, నాన్నా" అన్నాడు.

అవునన్నాను.

మన ఇళ్ళలో పిల్లలెవరైనా ఇలాంటి కుక్కపిల్ల కావాలని అడిగితే, ముందు దాని తల్లినీ తండ్రినీ చూడండి. కాస్త నడిపించి, అవి పడుకున్నాక పక్కన కూర్చుని ఊపిరి వినండి. గురక వినబడితే మాలాగా నవ్వకండి.