పక్కింటి పోపో, పెసల నీళ్ళు

మావారి ఉద్యోగం వల్ల మేము చైనాలోని గ్వాంగ్‌జౌకి వచ్చి మూడేళ్ళయింది. ఇక్కడి ఎండ మన విజయవాడ ఎండలా మాడ్చదండీ, ఉడకబెడుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఒళ్ళంతా జిడ్డు, ఆరేసిన బట్టలు ఓ పట్టాన ఆరవు.

మా పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. అపార్ట్‌మెంట్ పిల్లలతో పాటు నేనూ ఆవిడని 'పోపో' అంటాను, అంటే అమ్మమ్మ. నా భాష ఆవిడకి రాదు, ఆవిడ భాష నాకు అంతంత మాత్రం. మధ్యలో ఫోన్ పెట్టుకుని మాట్లాడుకుంటాం.

మొదటి వేసవిలో నా నోటిపూత చూసి ఆవిడ "యిత్ హేయ్" అన్నారు. ఫోన్ దాన్ని 'వేడి గాలి' అని చూపించింది. తీరా ఆవిడ వివరిస్తే తేలిందేమిటంటే, వేపుళ్ళు ఎక్కువై, నిద్ర చాలక నాకు వేడి చేసిందట! అచ్చం మా అమ్మ మాట. అమ్మ అలా అన్నప్పుడల్లా "వేడి చేయడమేంటమ్మా, నీ చాదస్తం" అని కొట్టిపారేసేదాన్ని.

వాళ్ళ వైద్యంలోనూ తిండిని చలవ చేసేవి, వేడి చేసేవి అని విడదీస్తారు. కాకరకాయ, బూడిదగుమ్మడికాయ, పుచ్చకాయ, చేమంతి పూల టీ చలవ. అల్లం, మిరియాలు, వేపుళ్ళు వేడి. వేడితో పాటు ఒంట్లో చేరే 'తేమ' కూడా పోవాలని బూడిదగుమ్మడికాయ సూప్‌లో బార్లీలాంటి గింజలు వేస్తారు. గర్భిణులకు మాత్రం ఆ గింజలు పెట్టరు. ఎండలోంచి రాగానే ఐసు నీళ్ళు తాగితే అరుగుదల దెబ్బతింటుందని పోపో ఊరుకోరు. నెలసరి రోజుల్లో చలవ పదార్థాలూ వద్దంటారు.

ఇక్కడ వీధివీధికీ 'లియాంగ్ చా' అమ్మే కొట్లుంటాయి. పేరుకి చల్లని టీ గానీ, గోరువెచ్చగానే ఇస్తారు. నల్లగా, చేదుగా ఉండే మూలికల కషాయమది.

పోయినేడు జూలైలో మా చిన్నది ఎండలో ఆడి వచ్చి సోఫాలో వాలిపోయింది. ముఖం ఎర్రగా కందిపోయింది, ఒకసారి వాంతి కూడా అయింది. వడదెబ్బే అనుకుని, ఫ్రిజ్‌లో ఉన్న ఆ కషాయం కప్పులో పోసి తాగిద్దామని లేపుతున్నాను. నా కంగారు విని పోపో వచ్చారు. పిల్ల మెడ మీద చెయ్యి పెట్టి చూశారు. ఒళ్ళు కాలిపోతోంది, పేరు అడిగితే ఏదో పొంతన లేకుండా అంటోంది. ఆవిడ నా చేతిలోని కప్పు లాక్కుని పక్కన పెట్టేశారు. తడి తువ్వాళ్ళు మెడకీ చంకలకీ పెట్టి, ఫ్యాన్ తిప్పి, టాక్సీ పిలవమని సైగ చేశారు. దారంతా పిల్లకి విసురుతూనే ఉన్నారు.

ఆస్పత్రిలో ఒళ్ళు చల్లబరిచి సెలైన్ పెట్టారు. సరిగ్గా స్పృహలో లేని పిల్లకి ఏం తాగించినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని డాక్టరు అన్నప్పుడు నా కాళ్ళు వణికాయి. రాత్రికి అది "అమ్మా, ఆకలి" అంది. అప్పుడు ఏడ్చాను.

ఇంటికొచ్చాక పోపో ఫ్లాస్కులో పెసల నీళ్ళు తెచ్చారు. పొట్టు పెసలు కడిగి, నీళ్ళు మరిగాక వేసి, పది నిమిషాలు ఉడికించి, పచ్చటి తేట వంచుకోవడమే. చలవంతా పొట్టులోనే ఉంటుందంటారు. కొంచెం పటికబెల్లం వేసుకోవచ్చు. "చలవ ఇంట్లో. అలాంటి వడదెబ్బ ఆస్పత్రిలో" అని ఆవిడ మాటని ఫోన్ చదివింది.

అమ్మకి వీడియో కాల్‌లో చెబితే, "శ్రీరామనవమికి వడపప్పు ఎందుకు పెడతామనుకున్నావ్? నేను చెబితే విన్నావా!" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఈ వేసవిలో మా ఇంట్లో రెండూ ఉన్నాయి, పొద్దున పెసల నీళ్ళు, మధ్యాహ్నం ఉప్పేసిన పల్చటి మజ్జిగ. మొన్న పోపోకి ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చాను. మొదటి గుక్కకి ముఖం చిట్లించారు. కానీ గ్లాసు ఖాళీ చేసే ఇచ్చారు.