రంగుల బెండ్ల కింద... తాళ్ల గండం!

అమెరికా ఈశాన్య కొసన, మెయిన్‌ రాష్ట్రంలోని పెనాబ్‌స్కాట్‌ అఖాతం. వేసవిలో నీళ్లమీద ఎటుచూసినా రంగురంగుల బెండ్లే! అడుగున లాబ్‌స్టర్ల కోసం వేసిన బోనులకు అవి ఆనవాళ్లు. ఒక్కో జాలరిదీ ఒక్కో రంగు. ఒక్కొక్కరు 800 బోనుల వరకూ వేయొచ్చు.

చూడ్డానికి ముచ్చటే కానీ తెరచాప పడవలకు అదే గండం. గాలి పడిపోయి ఇంజిన్‌ వేస్తే, బెండు తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకోవచ్చు. ఇంజిన్‌ ఆపేసి, వేసవిలోనూ వణికించే ఆ నీళ్లలోకి దిగి విప్పాలి. కోసేస్తే జాలరి బోను గల్లంతే!

తాడు వదిలితే సరిపోదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి షాఫ్ట్‌ను చేత్తో తిప్పిచూడాలి. పట్టేసినా, ఊగినా వంగిందేమోనని అనుమానించాలి. ముఖ్యంగా, షాఫ్ట్‌ పడవలోంచి బయటికెళ్లేచోట ఉండే సీలు చూడాలి. అక్కడ నీరు ధారకడితే, రేవులో కట్టేసిన పడవైనా తెల్లారేసరికి మునిగిపోవచ్చు.