రెండు సాళ్లేసి చూడాలె

2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని మా పెద్దవంగరలోనే ఉన్నా. ఓ రాత్రి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ బీటా కనిపించింది. బీటా అంటే ఇంకా పూర్తి కాకుండానే, పరీక్షించి చూడమని వదిలే వెర్షన్. ఆగలేక నా సొంత ల్యాప్‌టాప్‌లోనే ఎక్కించేశా. డిస్క్ మొత్తం చెరిపేయాలా అని అడిగితే, సరిగ్గా చదవకుండా ‘సరే’ నొక్కింది నేనే.

తెల్లారాక గుర్తొచ్చింది. నాయినమ్మ పాడిన బతుకమ్మ పాటల రికార్డింగులు అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. నాయినమ్మ పోయి అప్పటికి ఏడాది. రికవరీ సాఫ్ట్‌వేర్లతో రెండ్రోజులు కుస్తీ పట్టినా ఒక్క పాటా దొరకలేదు.

సంగతి విని నాయిన తిట్టలేదు. “కొత్త పత్తి విత్తనం అచ్చిందంటే చేనంత పెడ్తమారా? ముందుగాల ఓ మూలకు రెండు సాళ్లేసి చూస్తం. ఇంజినీరింగ్ చదివినవ్, గిది తెల్వదా?” అన్నడు.

తెలుసు. ఆ మూలనే మేం వర్చువల్ మెషిన్ అంటాం. కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ అన్నమాట. 2007 నుంచి ఉన్న వర్చువల్‌బాక్స్ ఉచితమే. ఉబుంటు కొత్త వెర్షన్ ఏటా ఏప్రిల్, అక్టోబర్‌లలో వస్తుంది. కొన్ని వారాల ముందు బీటా వదులుతారు. నా 8 జీబీ ర్యామ్‌లో 4 జీబీ, డిస్క్‌లో ఓ 30 జీబీ దానికి కేటాయిస్తా. ఎక్కించగానే స్నాప్‌షాట్ తీస్తా. తర్వాత ఏది చెడినా ఆ క్షణానికి వెనక్కి వెళ్లొచ్చు. ముందుగా ‘పెద్దవంగర’ అని టైప్ చేసి, ద ఒత్తు సరిగ్గా పడిందా లేదా చూస్తా.

అయితే రెండు మాటలు గుర్తుంచుకోండి. వైఫై, బ్యాటరీ అసలు మెషిన్‌లో ఎలా పనిచేస్తాయో ఇందులో తేలదు. ఇక, స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అదీ ఆ డిస్క్‌లోనే ఉంటుంది. డిస్క్ పోతే రెండూ పోతాయి.

మొన్న బతుకమ్మకు అమ్మ పాటలు రికార్డ్ చేశా. ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి దాచా. మూడూ తెరిచి విన్న తర్వాతే కొత్త బీటా డౌన్‌లోడ్‌కు పెట్టా.