తలనొప్పి పుస్తకము



మా బోథ్ సంఘములో ఒక సహోదరుడున్నారు. సైన్యములో ఫిరంగి దళములో 17 సంవత్సరములు పనిచేసి, హవల్దారుగా విరమించి ఇంటికి వచ్చిన మనిషి. పేరు వ్రాయము. ఊళ్లో అందరూ ఆయనను మిల్ట్రీ సార్ అంటారు గనుక మేమూ అట్లే వ్రాస్తాము. నాలుగెకరాల చేను, అందులో పత్తి, కొంత సోయా. ఆయన, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు.

ఈ సహోదరుని గూర్చి మేము చాలాకాలము తప్పుగా తలంచాము. ఆరాధన మధ్యలో ఆయన లేచి బయటికి పోయేవారు. శుక్రవారపు ఉపవాస ప్రార్థనలో రెండో పాట ముగిసేసరికి వేపచెట్టు కింద తల పట్టుకొని కూర్చుండేవారు. కొన్నిసార్లు చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయేవారు. ఆత్మీయ సంగతులయందు ఆసక్తి లేదనుకున్నాము. ఒక ఆదివారము పేరు చెప్పకుండా ప్రసంగములో ఒక మాట అన్నాము కూడా. చిన్న ఊరిలో పేరు చెప్పనంత మాత్రాన ఎవరిని గూర్చియో తెలియకుండా పోతుందా? ఆయన తల వంచుకొని విన్నారు. ఏమీ అనలేదు.

తరువాత ఒక మధ్యాహ్నము వారి ఇంటికి వెళ్లాము. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. వాకిట్లో కోళ్లను ఆమె చప్పుడు చేయకుండా తోలుతూ ఉంది. మమ్మును చూచి మెల్లగా అన్నది: "అయ్యగారూ, చెప్పులు అక్కడ్నే ఇడిసి మెల్లగ రాండ్రి. అడుగుల సప్పుడు గూడ ఓర్వడు." లోపల చీకట్లో ఆయన తలకు గుడ్డ బిగించుకొని గోడవైపు తిరిగి పడుకొని ఉన్నారు. మంచము పక్కన వాంతికి గిన్నె పెట్టి ఉంది. ఫిరంగుల మోత మధ్య నిలబడిన మనిషి మా అడుగుల చప్పుడుకు ముడుచుకుపోవడము ఆ దినము చూచాము. ప్రార్థన కూడా గట్టిగా చేయలేక పెదవులతోనే చేసి వచ్చాము.

మన పెద్దలు దీనిని పార్శ్వపు నొప్పి అన్నారు. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. తరచుగా తలలో ఒక పక్క పట్టుకొని, నాడి కొట్టినట్టు కొడుతుంది. వెలుతురు, చప్పుడు భరించలేరు. వాంతులు అవుతాయి. మందు పడకపోతే 4 గంటల నుండి 72 గంటల వరకు ఉండవచ్చును. కొందరికి నొప్పికి ముందు కళ్ల ఎదుట మెరుపులు కనిపిస్తాయి. ఒళ్లు మీద గాయము ఉండదు, రక్తము ఉండదు. అందుచేత ఎదుటివారు నమ్మరు. మేమే నమ్మలేదు గదా!

ఆయనకు ఇది లేహ్ ప్రాంతపు కొండలలో పనిచేసినప్పుడు మొదలైనదట. అప్పుడు మూడుసార్లు మాత్రమే సైనిక డాక్టరుకు చూపించుకున్నారు. మిగతావన్నీ దాచుకున్నారు. వైద్య కేటగిరీ తగ్గితే ప్రమోషను పోతుందని భయము. సైనికులలో ఇట్లా దాచుకొనేవారు చాలామంది. విరమణప్పుడు వైద్య మండలి తలనొప్పి ఉన్నదని వ్రాసింది గాని, అది సేవ వలన కలిగినది కాదని, వైకల్యము 20 శాతము లోపేనని తీర్మానించింది. తరువాత ఆయన ఒక కార్యాలయానికి కాగితాలు పట్టుకొని వెళితే, అక్కడొకరు నవ్వి, "తలనొప్పికి కూడా పింఛనా?" అన్నారట. ఆ మాట తరువాత రెండు సంవత్సరములు ఆయన ఆ కాగితాలను పెట్టెలోంచి తీయలేదు.

మేము ఆ కాగితాలు తీయించి చదివాము. మేము చదివినది వేదాంత డిప్లొమా, న్యాయశాస్త్రము కాదు. అయినను తెలిసినవారిని అడిగి నేర్చుకున్నాము. వైకల్య పింఛనుకు ముఖ్యమైన ప్రశ్నలు రెండు. జబ్బు సేవ వలన వచ్చినదా, లేక సేవ వలన ముదిరినదా? ఇది మొదటిది. ఎంత శాతము? ఇది రెండవది. ఆయన వంటివారికి వర్తించే నియమములలో 20 శాతము గాని అంతకు మించి గాని ఉండాలి.

మొదటి ప్రశ్నకు ఒక గొప్ప తీర్పు ఉన్నది. ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి 1985లో సిగ్నల్స్ దళములో చేరాడు. 1994లో మూర్ఛ వ్యాధి వలన 20 శాతము వైకల్యముతో ఇంటికి పంపబడ్డాడు. సేవకు, జబ్బుకు సంబంధము లేదని పింఛను ఇవ్వలేదు. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆయన పక్షముగా తీర్పు చెప్పింది. చేరేనాటి కాగితములో ఆ జబ్బు వ్రాయబడి లేకపోతే, మనిషి ఆరోగ్యముగా చేరినట్లే తలంచాలి. సేవకు సంబంధము లేదని చెప్పే మండలి కారణము చూపాలి. రుజువు భారము సిపాయి మీద వేయరాదు. సందేహము ఉంటే దాని మేలు ఆయనకే దక్కాలి. ఇది చదివినప్పుడు మిల్ట్రీ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

రెండవ ప్రశ్నకు మాత్రము పాత కాగితము చాలదు. మూర్ఛను పదిమంది చూస్తారు. తలనొప్పిని ఎవరు చూచారు? అమెరికాలో మాజీ సైనికులకు మైగ్రేన్ విషయములో లెక్క ఉన్నది. మనిషిని మంచాన పడవేసే నొప్పి రెండు నెలలకు ఒకటి చొప్పున వస్తే 10 శాతము, నెలకు ఒకటి వస్తే 30 శాతము, చాలా తరచుగా, దీర్ఘముగా వచ్చి బ్రతుకుతెరువునే చెడగొడితే 50 శాతము. అందుచేత అక్కడివారు తలనొప్పి డైరీ వ్రాసి పెట్టుకుంటారు. మన దేశపు నియమము వేరు. అయినను ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏ పని ఆగింది అని ఏ డాక్టరైనా అడుగుతాడు. పుస్తకము లేకపోతే "ఎప్పుడూ ఉంటది సార్" అనే మాటే మిగులుతుంది.

2023 ఆగస్టులో పుస్తకము మొదలైంది. కొడుకు వాడగా మిగిలిన లాంగ్ నోటుబుక్కు. నొప్పి వచ్చినప్పుడు ఆయన వ్రాయలేరు గనుక ఏడో తరగతి చదివిన ఆయన భార్యయే వ్రాసింది. ఒక పేజీ ఇట్లున్నది:

"ఆగస్టు 12, శనివారం. నిన్న ఉపాసం. పొద్దున 10కి కండ్ల ముందు మెరుపులు. పదిన్నరకు ఎడమ కణత పట్టింది. రెండుసార్లు కక్కిండు. గోలి ఒకటి. చీకట్ల పండిండు. రాత్రి 2కు తగ్గింది. పత్తికి మందు కొట్టుడు ఆగింది."

మూడు నెలలైన తరువాత ముగ్గురము కూర్చొని లెక్క చూచాము. 92 దినములలో 54 దినములు నొప్పి. వాటిలో 14 దినములు పూర్తిగా మంచము మీదనే. మిగతా 38 దినములు ఖాళీ.

ఆ ఖాళీలను చూచి మిల్ట్రీ సార్ దిగులుపడ్డారు. "అయ్యగారూ, గీ ఖాళీలళ్ల గూడ రాస్తే అయితది గదా? ఇన్నేండ్ల నొప్పి మూన్నెల్లల్ల ఏం కనబడ్తది?" అన్నారు.

ప్రియులారా, మేము వెంటనే వద్దనలేదు. ఇది ఒప్పుకోవాలి. ఆయనకు జరిగిన అన్యాయము మా మనస్సులో ఉన్నది. నాలుగు గీతలు ఎక్కువ వ్రాస్తే ఏమవుతుందని ఒక క్షణము అనిపించింది. పది ఆజ్ఞలు పిల్లలకు కంఠస్థము చేయించే మాకు, అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞ ఆ క్షణమున నోటికి రాలేదు.

ఆమె పుస్తకము మూసి ఒడిలో పెట్టుకున్నది. "లేని నొప్పిని నా చేతితోని రాయ, అయ్యగారూ. ఉన్న నొప్పినే నమ్ముతలేరు" అన్నది. అంతే. ఆ దినము ఆ ఇంట ప్రసంగము చేసినది మేము కాదు.

నిజామాబాదులో నరాల డాక్టరు గారికి ఆ పుస్తకము చూపించాము. ఆయన పేజీలు తిప్పుతూ మొదట చూచినది ఖాళీ దినములనే. ఖాళీలు ఉన్నవి గనుక నిండిన దినములను నమ్మగలనన్నారు. ఇంకొక సంగతి కూడా కనుగొన్నారు. నెలకు 17, 18, 16 దినములు నొప్పి మాత్రలు మింగినట్లు ఆమె వ్రాసింది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 దినములు గాని అంతకు మించి గాని, మూడు నెలలకు పైగా వాడితే, ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయట. మందు మార్చారు. ఖాళీలను నింపి ఉంటే వ్రాసిన దానిలో ఏది నిజమో ఆయనకు ఎట్లా తెలిసేది?

తరువాత డాక్టరు గారు, "ఈ శుక్రవారము ఏమిటి?" అని అడిగారు. మేము అప్పుడు చూచాము. ఆ మూడు నెలలలో 13 శుక్రవారములు. ఆయన పది ఉపవాస ప్రార్థనలకు వచ్చారు. ఆ పదింటిలో ఎనిమిదిసార్లు ఆ రాత్రి గాని మరునాడు గాని మంచాన పడ్డారు. ఖాళీ కడుపు, చెవిలో మోగే సౌండు బాక్సు, కళ్లలోకి కొట్టే ట్యూబులైటు. మైగ్రేన్ ఉన్నవారికి ఇవి మూడూ గిట్టవు. ఆసక్తి లేదని మేము నిందించిన మనిషి, పడిపోతానని తెలిసికూడా పదిసార్లు వచ్చాడు!

వేదిక మీదనుండి అన్న మాటకు వేదిక మీదనుండే క్షమాపణ అడిగాము. ఇప్పుడు ఆయన శుక్రవారము జొన్నరొట్టె తిని వస్తారు, తలుపు దగ్గర కూర్చుంటారు. సౌండు బాక్సును అటు తిప్పించాము. అలసిన ఏలీయాకు దేవదూత ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అది ఎన్నోసార్లు బోధించాము గాని మా గుమ్మములో చేయలేదు.

తరువాతి మూడు నెలలలో మంచాన పడిన దినములు 14 నుండి 6కు తగ్గాయి. "నొప్పి తగ్గితే కేసు గూడ తగ్గుతది గదా" అని మిల్ట్రీ సార్ నవ్వారు. అయినను రెండు లెక్కలూ అప్పీలుకు జతచేశారు. చేరేనాటి వైద్య కాగితము, విరమణ మండలి కాగితము, డాక్టరు చీటీలు, వాటి వెనుక ఆమె పుస్తకపు నకలు. మేము ఇది వ్రాయునప్పటికి జవాబు రాలేదు. న్యాయము జరుగునట్లు ప్రార్థించండి.

మీ ఇంట మాజీ సైనికులుంటే ఈ మాట వినండి. జబ్బు దాచవద్దు. పాత చీటీ ఏదీ పారవేయవద్దు. తేదీ, మొదలైన వేళ, తగ్గిన వేళ, వాంతి, వెలుతురు బాధ, వేసుకున్న మందు, ముందు రాత్రి నిద్ర, తిండి, ఆగిన పని వ్రాయండి. ఆ దినమే వ్రాయండి, నెలాఖరున కూర్చొని కాదు. పుస్తకము ఒక్కటే కేసు గెలిపించదు. పాత కాగితముల పక్కన అది ఇంకొక సాక్షి. నొప్పి లేని దినమును ఖాళీగానే విడిచిపెట్టండి.

సంఘ పెద్దలకు ఇంకొక మాట. మధ్యలో లేచి వెళ్లిన మనిషిని గూర్చి వేదిక మీద మాట్లాడకముందు ఒకసారి వారి ఇంటికి వెళ్లండి. చెప్పులు బయట విడిచి, మెల్లగా.