రీటేకుల్లేని భారతం

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే దారిలో నూర్పిళ్ళయి ఎండలు ముదిరాయంటే, ఏదో ఒక ఊళ్ళో భారతం మొదలైనట్టే లెక్క. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. చాలాచోట్ల పద్ధెనిమిది రోజుల ప్రోగ్రాం! ఖర్చు ఊరి చందాలది. ధర్మరాజుల గుడి ముందు బయలే రంగస్థలం.

సినిమా భీముణ్ణి మనం టిక్కెట్టు కొని చూడబోతాం. ఇక్కడి భీముడు బకాసుర వధ నాడు ఎద్దులబండెక్కి మన వాకిట్లోకే వస్తాడు. కుప్పం వైపు పోతే బఫూన్ తెలుగులో అరవమూ కన్నడమూ దొర్లుతాయి. జనం మూడింటికీ నవ్వుతారు.

అసలు చూడాల్సింది అర్జున తపస్సు. ఆకాశమంత మాను నిలబెడతారు. రాత్రుళ్ళు పాడిపాడి గొంతు బొంగురుపోయిన వేషగాడు, పద్యాలు పాడుతూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. వల లేదు, డూపు లేడు సుమా! పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. కింద తడిబట్టలతో బిడ్డల్లేని ఆడవాళ్ళు కొంగులు పట్టి ఎదురుచూస్తుంటారు. ఆ క్షణాన అతను పక్కూరి మనిషని ఎవరికీ గుర్తుండదు. అతనికీ ఉండదేమో!

1977లో 'దాన వీర శూర కర్ణ'లో ఎన్.టి.ఆర్. దుర్యోధనుడికి ఈలలేసిన జనమే, ఇక్కడ ఆఖరి రోజున అతని పతనం చూడ్డానికి తెల్లారకముందే బండ్లు కట్టుకుని వస్తారు. నేలమీద పరుచుకున్న పెద్ద మట్టి దుర్యోధనుడి చుట్టూ గదాయుద్ధం. తొడ పగలగానే ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం.

రంగు కడుక్కున్న వేషగాళ్ళు ట్రంకుపెట్టెలు సర్దుకుంటారు. వానలు పడితే చాలామందికి మళ్ళీ మడికట్టే, కూలిపనే.