పడటం నేర్చుకున్న రెండు రోజులు

విద్యకు వయోపరిమితి లేదని మా మదరసాలలో తరతరాలుగా చెబుతూ వస్తున్నాము. అయితే ఆ మాట చెప్పేవారు సాధారణంగా గ్రంథానికి ఇవతల కూర్చుంటారు, వినేవారు అవతల కూర్చుంటారు. ముప్పై సంవత్సరాలుగా ఇవతలి వైపునే కూర్చున్న నాకు, యాభై ఐదవ ఏట రెండు రోజులపాటు అవతలి వైపున కూర్చునే అవకాశం లభించింది. అదీ అరబ్బీ వ్యాకరణంలోనో, ఫిఖ్‌హ్ శాస్త్రంలోనో కాదు. ఐకిడో అనే జపాను దేశపు ఆత్మరక్షణ విద్యలో. పాఠకులు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పటికే నవ్వుకున్నారు.

కారణం చెబుతాను. మా పెద్దన్నయ్య రెండేళ్ల క్రితం ఫజ్ర్ నమాజుకు వెళ్లి, వుజూ చేసే చోట కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగింది, ఎముక అతుక్కుంది, నిశ్చింతగా నడవవచ్చునని వైద్యులు చెప్పారు. కానీ ఎముకతో పాటు విరిగిన ధైర్యం మాత్రం అతుక్కోలేదు. నలభై ఏళ్లుగా జమాఅత్ తప్పని మనిషి ఇంటి గడప దాటడం మానేశారు. కుర్చీలో కూర్చుని నమాజు చేసుకుంటూ, అజాన్ వినబడినప్పుడల్లా కిటికీ వైపు చూస్తూ ఉండేవారు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అరవై దాటినవారే అధికం. ఆ లెక్క చదివిన నాడు నాకు అన్నయ్య కిటికీయే గుర్తుకు వచ్చింది. మరో ఐదారేళ్లలో అదే వయసుకు చేరబోయే నా మోకాళ్లు కూడా గుర్తుకు వచ్చాయి.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు పండుగకు వచ్చినప్పుడు ఈ మాట కదిలింది. "ఉస్తాద్‌గారూ, మా ఐకిడోలో మొదటి పాఠమే పడటం. దెబ్బ తగలకుండా ఎలా పడాలో నేర్పుతారు. కొత్తవారి కోసం శని, ఆదివారాలలో శిక్షణ పెడుతున్నారు, మీరు తప్పక రండి" అన్నాడు. "నా వయసు తెలిసే పిలుస్తున్నావా?" అన్నాను. "తెలుసు కనుకనే పిలుస్తున్నాను" అన్నాడు. వ్యాకరణంలో వెనుకబడినా, వాదనలో ఎప్పుడూ ముందుండేవాడు. మా మదరసాకు శుక్రవారం సెలవు. మిగిలిన రెండు రోజులకు అనుమతి తీసుకుని, ఇషా నమాజు ముగించి బస్సెక్కాను.

ఐకిడోను రూపొందించినవాడు మొరిహేయి ఉయెషిబా. ఆయన 1883లో జపానులోని తనాబే పట్టణంలో జన్మించి 1969లో మరణించాడు. పూర్వపు యుద్ధవిద్యలు నేర్చి, వాటి నుండి ఎదుటివాణ్ణి నాశనం చేయకుండా అతని బలాన్ని దారి మళ్లించే ఒక పద్ధతిని తీర్చిదిద్దాడు. 'ఐ' అంటే పొందిక, 'కి' అంటే ప్రాణశక్తి, 'డో' అంటే మార్గం. ఆయన స్థాపించిన ప్రధాన సంప్రదాయంలో పోటీలు లేవు, పతకాలు లేవు. ఒకరు పట్టుకుంటారు, మరొకరు పడవేస్తారు. తరువాత పాత్రలు మారుతాయి. గెలుపోటములు లేవన్న మాట విని నా మోకాళ్లు కొంత ఊరట చెందాయి.

బయలుదేరక ముందే ఒక విషయం తేల్చుకోవలసి వచ్చింది. అక్కడ తరగతి ఆరంభంలోనూ అంతంలోనూ గోడపై ఉన్న వ్యవస్థాపకుని చిత్రానికీ, ఒకరికొకరికీ వంగి నమస్కరించడం ఆచారం. అది జపాను వారి మర్యాదే కావచ్చు. కానీ అల్లాహ్ ముందు తప్ప వంగని నడుము మాది. ఫోనులో శిక్షకునితో ఈ సంగతి స్పష్టంగా చెప్పాను. అంగీకరించకపోతే రాననీ చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీరు నిటారుగా కూర్చుని గుండెపై చేయి ఉంచుకోండి. గౌరవం కావాలి గానీ వంగడం కాదు" అన్నారు. జోడీల విషయంలోనూ నా కోరిక మన్నించి పురుషులతోనే కుదిర్చారు. శనివారం ఉదయం అందరూ వంగినప్పుడు నేను చేయి గుండెపై ఉంచాను. నా వైపు తిరిగినప్పుడు ఆయనా తన చేతిని గుండెపై ఉంచుకున్నారు. ముందుగా నోరు తెరిచి చెప్పిన రెండు మాటలు రెండు రోజుల ఇబ్బందిని తొలగించాయి.

శిక్షకుణ్ణి అక్కడ 'సెన్సే' అంటారు. ముందు పుట్టినవాడు అని ఆ పదానికి అర్థమట. ఆయనకు ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. ఆ అర్థం ప్రకారమైతే ఆ హాలులో ఆ బిరుదు నాకే చెందాలి. దుస్తుల విషయంలో నా విద్యార్థి ముందే హెచ్చరించాడు: చొక్కా ఎడమ అంచు కుడి అంచుపైకి రావాలి, తిరగవేస్తే అది జపానులో శవానికి తొడిగే పద్ధతి. ఒక్కసారైనా పడకముందే అలా కట్టుకోవడం తొందరపాటు అవుతుందని జాగ్రత్తగా కట్టుకున్నాను.

మొదటి గంటలో నాకు ఊహించని గౌరవం దక్కింది. అక్కడ మోకాళ్లు మడిచి మడమలపై కూర్చోవాలి. దానిని 'సేయిజా' అంటారు. పది నిమిషాలు గడిచేసరికి కండలు తిరిగిన యువకులు కాళ్లు తిమ్మిరెక్కి అటూ ఇటూ కదలసాగారు. రోజుకు ఐదుసార్లు నమాజులో కూర్చునేవాణ్ణి, చాపపైనే పాఠాలు చెప్పేవాణ్ణి, హాయిగా కూర్చున్నాను. "ఎన్నేళ్ల సాధన?" అని పక్కనున్న ఇంజనీరింగు విద్యార్థి ఆశ్చర్యంగా అడిగాడు. "నలభై ఎనిమిదేళ్లు" అన్నాను. అతని కళ్లలో భక్తి కనిపించింది. ఆ భక్తి పడటం మొదలయ్యేవరకు నిలిచింది.

వెనుకకు పడటం ముందుగా నేర్పారు. గొంతుకూర్చుని, చుబుకాన్ని రొమ్ముకు ఆనించి, నడుము పట్టీ ముడిని చూస్తూ, వీపును విల్లులా గుండ్రంగా వంచి దొర్లాలి. తల నేలకు తగలకూడదు. చేతులను శరీరానికి కొంచెం ఎడంగా చాచి, అరచేతులతో నేలను చరచాలి. పడిన వేగమంతా ఒకే చోట దిగక, విశాలంగా పంచుకోబడుతుంది. వినడానికి సులభం. కానీ పడబోతున్న మనిషికి తల ఎత్తి చూడాలనీ, చేయి వెనుక ఊనాలనీ తోస్తుంది. ఆ రెండే ప్రమాదం. శరీరం యాభై ఐదేళ్లుగా కంఠస్థం చేసిన పాఠాన్ని ఒక ఉదయంలో మరచిపోవడం హిఫ్జ్ కంటే కష్టం.

ముందుకు దొర్లడం మరొక అధ్యాయం. చేతి అంచు మీదుగా భుజం, భుజం నుండి ఏటవాలుగా వీపు, అక్కడి నుండి అవతలి తుంటి నేలను తాకాలి. నేను మోకాళ్లపై నుండి ఆరంభించి, పనసకాయ వలె పక్కకు దొర్లి, పొరుగు జోడీ మధ్యకు చేరాను. నా టోపీ వేరొక దిశలో దొర్లింది. పదకొండేళ్ల బాలుడొకడు దానిని రెండు చేతులతో తెచ్చి ఇచ్చి, "తాతయ్యా, తలను ఇంకా పక్కకు పెట్టండి" అన్నాడు. నేల తగిలిన దెబ్బ తట్టుకున్నాను గానీ, 'తాతయ్యా' అన్న పిలుపు చాలాసేపు నొప్పి పెట్టింది. అయినా ఆ బాలుని సలహాతోనే నాలుగవ ప్రయత్నం సరిగ్గా కుదిరింది.

రెండవ రోజు మణికట్టు పట్టులు. ఎదుటివాడు నా మణికట్టును బలంగా పట్టుకుంటాడు. లాగితే అతడు ఇంకా బిగిస్తాడు, తోస్తే అతడూ తోస్తాడు. లాగకుండా, తోయకుండా, ఒక అడుగు ముందుకు వేసి గిరుక్కున తిరిగి అతని పక్కన నిలబడాలి. దానిని 'తెన్‌కాన్' అంటారు. అప్పుడు ఇద్దరూ ఒకే వైపు చూస్తారు. అతని బలానికి ఎదుట ఏమీ మిగలదు. నా పాదం ఎటు తిరగాలో సెన్సే పదిసార్లు చెప్పారు. మా పసిపిల్లలు ఖాయిదాలో 'ఐన్' అక్షరాన్ని 'అలిఫ్' వలె పలికి, రెండూ ఒకటే కదా అన్నట్లు చూస్తారు. తమ పలుకులోని తేడా తమకు వినబడదు. నా పాదం నాకు కనబడనట్లే.

కుస్తీ మన చరిత్రకు కొత్త కాదు. దైవప్రవక్త (స) రుకానా అనే మల్లయోధునితో తలపడి అతణ్ణి పడవేశారన్న ఉల్లేఖనం అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. దాని పరంపరపై పండితులు చర్చించారు. అయితే ఇతరులను పడవేసేవాడు కాక, కోపంలో తనను తాను అదుపులో ఉంచుకునేవాడే బలవంతుడన్న బోధ బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆ హదీసును నేను ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాను. మణికట్టును ఇరవై ఏళ్ల కుర్రవాడు బిగించి పట్టుకున్నప్పుడు, చిరాకు ఎక్కడ పుడుతుందో, భుజాల్లోకి ఎలా పాకుతుందో తెలిసింది. భుజాలు బిగిసిన ప్రతిసారీ నేను ఓడిపోయాను.

సోమవారం ఫజ్ర్‌కు లేచినప్పుడు నాలో నొప్పి లేని అవయవం లేదు. మా శ్రీమతి నొప్పి తైలం సీసా అందిస్తూ, "పడకుండా ఉండటానికి వెళ్లారా, పడటానికి వెళ్లారా?" అని అడిగారు. సాయంత్రం అన్నయ్య దగ్గరకు వెళ్లి, పరుపు పరచి, వెనుకకు పడి చూపించాను. ఆయన చాలాకాలం తరువాత బిగ్గరగా నవ్వారు. తరువాత నెమ్మదిగా అన్నారు: "తమ్ముడూ, పడటం నాకు వచ్చురా. ఆ రోజు లేవలేకపోయాను. నలుగురు వచ్చి ఎత్తేవరకు ఆ నీళ్లలోనే ఉన్నాను. అది చెప్పు."

రెండేళ్లుగా మేమెవ్వరమూ అడగని ప్రశ్నకు అది జవాబు. ఆయన భయం ఎముకది కాదు, ఆ నీళ్లలో గడిపిన నిమిషాలది. వైద్యుణ్ణి సంప్రదించి ఫిజియోథెరపిస్టు వద్దకు తీసుకువెళ్లాము. పక్కకు ఒత్తిగిలడం, మోచేతిపై లేవడం, చేతులూ మోకాళ్లపై నిలిచి కుర్చీ దాకా చేరడం, కుర్చీని పట్టుకుని ఒక పాదం ముందుకు పెట్టి నిలబడటం. ఒక్కొక్క మెట్టూ ఆయన శరీరానికి తగినట్లు నేర్పారు. అన్నయ్య ఇంట్లో రోజూ సాధన చేశారు. పక్కన నేను కూడా చేశాను, లెక్కపెట్టడం ఆయన వంతు. ఆరవ వారంలో ఒకనాడు మగ్రిబ్ అజాన్ విని ఆయన కిటికీ వైపు చూడలేదు, చెప్పుల కోసం చూశారు. నా మోచేతిని పట్టుకుని మసీదుకు నడిచారు. వుజూ మాత్రం ఇంట్లోనే చేసుకున్నారు. అల్‌హమ్దులిల్లాహ్.

ఇటువంటి పెద్దలు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. వారిని ఎక్కడ పడ్డారని కాక, పడిన తరువాత ఏం జరిగిందని అడిగి చూడండి. ఎముకల బాధలున్నవారు మాత్రం నా వలె దొర్లే ప్రయత్నం చేయక, ముందు వైద్యుణ్ణి కలవాలి.

తరువాతి శిక్షణకు తేదీలు ఖరారయ్యాయని నా విద్యార్థి కబురు పంపాడు. మదరసా కమిటీకి మళ్లీ రెండు రోజుల సెలవు కోరుతూ దరఖాస్తు పెట్టాను. కారణం అనే చోట 'విద్యాభ్యాసం' అని వ్రాశాను.